మౌస్ పట్టకుండా, తెర చూడకుండా నింపగలిగే ఫారం: కాంపోనెంట్ల వారీగా కట్టే పద్ధతి

ఒక స్కాలర్‌షిప్ దరఖాస్తు పేజీ తీసుకుందాం. పేరు, పుట్టిన తేదీ, పిన్‌కోడ్, జిల్లా, మండలం, సర్టిఫికెట్ అప్‌లోడ్, ఓటీపీ, అన్నిటికీ చివర 'సమర్పించండి'. బ్యాంకు ఖాతా అయినా, బస్సు టికెట్ అయినా, పింఛను దరఖాస్తు అయినా దాదాపు ఇవే ముక్కలు, అంటే కాంపోనెంట్లు. వీటిని ఒక్కసారి సరిగ్గా కట్టి పెట్టుకుంటే తర్వాతి పది ప్రాజెక్టుల్లో అవే వాడుకోవచ్చు. తప్పుగా కట్టినా అంతే, ఆ తప్పు పది చోట్లకూ పాకుతుంది.

ఈ పేజీ దగ్గరికి ఎవరెవరు వస్తారో ముందు గుర్తు పెట్టుకోవాలి. చూపు లేనివాళ్లు స్క్రీన్ రీడర్‌తో, అంటే తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో, వింటూ నింపుతారు. చెయ్యి నిలకడగా ఉండనివాళ్లు మౌస్ వదిలేసి కీబోర్డు వాడతారు, కొందరు నోటితో చెప్పి నడిపిస్తారు. చూపు మందగించినవాళ్లు పేజీని రెండింతలు, నాలుగింతలు పెద్దది చేసుకుంటారు. వినపడనివాళ్లకు ఫోన్ కాల్ ద్వారా మాత్రమే వచ్చే కోడ్ అక్కరకు రాదు. రంగులు తేడా తెలియనివాళ్లకు ఎర్ర గీత ఒక్కటే చూపిస్తే తప్పు ఎక్కడుందో అర్థం కాదు.

కొలబద్దగా డబ్ల్యూసీఏజీ 2.2 పెట్టుకోండి. వెబ్ పేజీలు దివ్యాంగులకూ అందేలా ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలివి. 2023 అక్టోబరు 5న వచ్చింది. అందులోని మూడు స్థాయిల్లో మధ్యదైన ఏఏ అందుకుంటే చాలు, అన్నిటికన్నా కఠినమైన ఏఏఏ అన్ని చోట్లా సాధ్యం కాదు. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, ఐఎస్ 17802 ప్రమాణం, ప్రభుత్వ సైట్లకైతే జీఐజీడబ్ల్యూ మార్గదర్శకాలు ఉన్నాయి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ కేవైసీ ప్రక్రియ దివ్యాంగులకు అందుబాటులో ఉండాలని ఆదేశిస్తూ, డిజిటల్ సేవలు అందడాన్ని 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగంగా చూసింది. కాబట్టి 'తర్వాతి వెర్షన్‌లో చూద్దాం' అనే మాటకు ఇప్పుడు చట్టపరంగా చోటు తక్కువ.

మొదట పేజీ భాష

ఒక్క నిమిషం పని, కానీ తెలుగు సైట్లలో ఎక్కువగా వదిలేసేది ఇదే. పేజీ మొదట్లో ఉండే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌కి లాంగ్ ఆట్రిబ్యూట్ ఉంటుంది. దానిలో తెలుగు కోడ్, అంటే 'టీ', 'ఈ' అనే రెండు అక్షరాలు ఉండాలి. రియాక్ట్‌తోనో వీట్‌తోనో ప్రాజెక్టు మొదలుపెడితే టెంప్లేట్‌లో ఇంగ్లిష్ కోడ్ ముందే రాసి ఉంటుంది. ఎవరూ మార్చరు. అప్పుడు స్క్రీన్ రీడర్ తెలుగు అక్షరాల్ని ఇంగ్లిష్ గొంతుకు అప్పగిస్తుంది. ఆ గొంతుకు తెలుగు రాకపోతే మాటల్ని మింగేస్తుంది, లేదా అసలు ఏమీ పలకకుండా దాటేస్తుంది. పేజీ ఖాళీగా ఉందనుకుని మనిషి వెనక్కి వెళ్లిపోతాడు.

పేజీ మధ్యలో పెద్ద ఇంగ్లిష్ వాక్యం వస్తే దాన్ని ఒక స్పాన్‌లో పెట్టి దానికి ఇంగ్లిష్ కోడ్ ఇవ్వండి. 'ఆధార్', 'ఓటీపీ' లాంటి మాటలు తెలుగు లిపిలోనే ఉంటే అలాగే వదిలేయొచ్చు.

ఇంకో పాత జబ్బు ఉంది. అను లాంటి యూనికోడ్ కాని ఫాంట్లలో టైపు చేసిన నిబంధనల పీడీఎఫ్‌ని పేజీకి తగిలిస్తారు. తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది, లోపల ఉన్నవి మాత్రం వేరే అక్షరాల గుర్తులు. స్క్రీన్ రీడర్‌కి వినిపించేది అర్థం లేని గొణుగుడు. పరీక్ష సులువు: ఆ పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు రాకపోతే ఆ పత్రాన్ని యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించి మామూలు వెబ్ పేజీగా పెట్టాల్సిందే.

తెలుగు అక్షరానికి చోటు

ఇంగ్లిష్ డిజైన్ తెచ్చి తెలుగు నింపితే మొదట విరిగేది బటన్. ఎత్తు 40 పిక్సెళ్లని బిగించేస్తారు, లోపల 'లక్ష్మి', 'స్త్రీ' లాంటి మాటలు వస్తే కింది వత్తులు తెగిపోతాయి. ఎత్తు బిగించకండి. కనీస ఎత్తు 44 పిక్సెళ్లు, పైనా కిందా 10 పిక్సెళ్ల ప్యాడింగ్ ఇచ్చి మిగతాది అక్షరాలకే వదిలేయండి. లైన్ హైట్ తెలుగుకి 1.6 నుంచి 1.8 వరకు ఉంటే వత్తులూ గుడులూ ఒకదాన్నొకటి తగలవు. చదివే మాటలకు 18 పిక్సెళ్ల కంటే తగ్గకుండా చూడండి. లాటిన్ అక్షరం 14 దగ్గర కూడా గుర్తుపట్టొచ్చు గానీ, ఆ సైజులో 'ఘ'కీ 'ఫు'కీ తేడా పట్టుకోవడం మంచి కళ్లకే కష్టం.

రంగుల వ్యత్యాసం మామూలు అక్షరాలకు కనీసం 4.5:1. పెద్ద అక్షరాలకు, అంటే 24 పిక్సెళ్లు ఆపైన, 3:1 చాలు. ఇన్‌పుట్ పెట్టె గీతకూ, ఐకాన్లకూ 3:1 కావాలి. తెల్ల నేపథ్యం మీద బూడిద రంగు #767676 సరిగ్గా గీత దాటుతుంది, #777777 దాటదు. అంత దగ్గరి తేడా. తెలుగు ఫాంట్లలో సన్న గీతలు ఎక్కువ కాబట్టి ఆ అంచున ఆడకుండా ఇంకా ముదురు రంగు ఎంచుకోవడం మేలు.

మ్యాక్స్‌లెంగ్త్, అంటే గడిలో ఎన్ని అక్షరాలు పట్టాలో చెప్పే హద్దు, దాని సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కంప్యూటర్ లెక్కలో 'స్త్రీ' ఒక్క అక్షరం కాదు, ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. 'వెంకటలక్ష్మి' మనకు ఐదక్షరాలు, దానికి పన్నెండు. పేరు గడికి 20 అని హద్దు పెడితే ఇంటిపేరుతో కలిపి రాసేవాళ్ల పేరు మధ్యలో తెగుతుంది, అదీ ఏ హెచ్చరికా లేకుండా. చూడలేనివాళ్లకు తెగిన సంగతి సర్టిఫికెట్ చేతికొచ్చాక గానీ తెలియదు. హద్దు తప్పదనుకుంటే 100 పెట్టండి.

బటన్ అంటే బటనే

డివ్ ట్యాగ్‌కి క్లిక్ తగిలించి, రంగు వేసి, బటన్ అని పిలవడం మన పరిశ్రమలో బాగా స్థిరపడిన అలవాటు. ఆ డివ్‌ని నిజంగా బటన్ చేయాలంటే ట్యాబ్ కీకి అందేలా ట్యాబ్‌ఇండెక్స్ ఇవ్వాలి, రోల్ బటన్ అని చెప్పాలి, ఎంటర్ నొక్కితే పనిచేయాలి, స్పేస్ నొక్కితే పనిచేయాలి, స్పేస్‌కి పేజీ కిందికి జారకుండా ఆపాలి. ఇంత చేసే బదులు అసలు బటన్ ట్యాగ్ వాడితే ఇవన్నీ బ్రౌజరే చూసుకుంటుంది. ఏరియా అంటే ఏ ముక్క ఏమిటో, ఏ స్థితిలో ఉందో స్క్రీన్ రీడర్‌కి చెప్పే ఆట్రిబ్యూట్లు. వాటి నిబంధనల్లో మొట్టమొదటిది కూడా ఇదే మాట: మామూలు హెచ్‌టీఎంఎల్‌తో అయ్యే పనికి ఏరియా వాడొద్దు. ఏరియా ఒక హామీ మాత్రమే. రోల్ బటన్ అని రాస్తే స్క్రీన్ రీడర్ 'బటన్' అని చెబుతుంది, పని చేయించాల్సింది మాత్రం మీ కోడే.

చూసుకోవాల్సినవి కొన్ని:

ఫారం లోపలి బటన్‌కి టైప్ ఇవ్వకపోతే అది సబ్‌మిట్ అయిపోతుంది. 'ఇంకో సర్టిఫికెట్ చేర్చండి' నొక్కితే సగం నిండిన ఫారం వెళ్లిపోవడానికి కారణం ఇదే. అలాంటి వాటికి టైప్ బటన్ అని రాయాలి.

బటన్ పేరులో 'బటన్' అని రాయకండి. పాత్ర ఏమిటో స్క్రీన్ రీడరే చెబుతుంది, 'సమర్పించు బటన్ బటన్' అని వినిపిస్తుంది.

భూతద్దం గుర్తు లాంటి ఉట్టి ఐకాన్ బటన్‌కి ఏరియా-లేబుల్‌తో తెలుగు పేరు ఇవ్వండి. అయితే పైన 'వెతకండి' అని కనిపిస్తూ లోపలి లేబుల్‌లో 'శోధించు' అని ఉండకూడదు. నోటితో చెప్పి నడిపేవాళ్లు తెర మీద కనిపించిన మాటే చెబుతారు, కంప్యూటర్‌కి ఆ పేరుతో ఏదీ దొరకదు.

ఫారం నిండేదాకా 'సమర్పించండి' బటన్‌ని డిజేబుల్ చేసి ఉంచడం చూడ్డానికి తెలివిగా ఉంటుంది గానీ మంచి పద్ధతి కాదు. డిజేబుల్ అయిన బటన్ ట్యాబ్‌కి అందదు, ఎందుకు పనిచేయడం లేదో చెప్పదు. నొక్కనివ్వండి, నొక్కాక ఏం మిగిలిందో చెప్పండి.

ఫోకస్ అంటే కీబోర్డు ఇప్పుడు ఏ బటన్ మీద, ఏ గడి మీద ఉందో ఆ చోటు. దాని చుట్టూ కనిపించే గీత విషయంలో ఒకే మాట. సీఎస్‌ఎస్‌లో అవుట్‌లైన్ నన్ అని ఎక్కడ కనబడినా తీసేయండి. ఫోకస్-విజిబుల్ స్థితికి 3 పిక్సెళ్ల అవుట్‌లైన్, 2 పిక్సెళ్ల ఎడం ఇవ్వండి. గీత బదులు బాక్స్-షాడో వాడితే విండోస్ హై కాంట్రాస్ట్ మోడ్‌లో అది మాయమవుతుంది. పైన అతుక్కుని ఉండే హెడర్ కింద ఫోకస్ దాక్కోకుండా, ఆ హెడర్ ఎత్తుకి సరిపడా స్క్రోల్-ప్యాడింగ్-టాప్ పెట్టండి. హెడర్ గానీ కుకీల పట్టీ గానీ ఫోకస్‌ని పూర్తిగా కప్పేయకూడదన్నది 2.2లో కొత్తగా వచ్చిన నిబంధన.

ఇన్‌పుట్ గడి, తప్పు చెప్పే తీరు

ఫారాల్లో జనం ఆగిపోయేది ఇక్కడే, అందుకే దీన్ని పిన్‌కోడ్ గడితో దగ్గరగా చూద్దాం.

1. లేబుల్ ట్యాగ్ రాసి, దాని ఫర్ ఆట్రిబ్యూట్‌లో గడి ఐడీ ఇవ్వండి. సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి 'పిన్‌కోడ్' అనే మాట మీద క్లిక్ చేయండి. కర్సర్ గడిలోకి వెళ్తే సరే. వెళ్లకపోతే ఎక్కువసార్లు కారణం, ఒకే కాంపోనెంట్‌ని పేజీలో రెండుసార్లు వాడటంతో ఐడీ కూడా రెండుసార్లు రావడం. శాశ్వత చిరునామా పిన్‌కోడ్ నొక్కితే ప్రస్తుత చిరునామా గడికి పోతుంది. ఐడీని కాంపోనెంట్ ప్రతిసారీ కొత్తగా పుట్టించాలి. రియాక్ట్‌లో దీనికి యూజ్‌ఐడీ ఉంది.

2. ప్లేస్‌హోల్డర్‌ని లేబుల్‌గా వాడకండి. టైపు చేయడం మొదలుపెట్టగానే మాయమవుతుంది, రంగు కూడా వెలిసినట్టుంటుంది.

3. సూచన ఒకటి గడి పైన, లేబుల్ కింద రాయండి: '6 అంకెలు, ఉదాహరణకు 500001'. దానికి ఐడీ ఇచ్చి, గడికి ఏరియా-డిస్క్రైబ్డ్‌బై ద్వారా ముడివేయండి. గడిలోకి రాగానే పేరు, తర్వాత సూచన వినిపిస్తాయి.

4. టైప్ నంబర్ పెట్టకండి. ఏ సంఖ్యకైనా మొదట్లో సున్నాలుంటే పోవచ్చు, మౌస్ చక్రం తిరిగితే అంకె మారవచ్చు. టైప్ టెక్స్ట్, ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ పెడితే ఫోన్‌లో అంకెల కీబోర్డు వస్తుంది. ఆటోకంప్లీట్‌లో పోస్టల్-కోడ్ అని ఇస్తే బ్రౌజర్ తానే నింపగలదు. చేతులు సహకరించనివాళ్లకు ఆరు నొక్కులు మిగలడం చిన్న విషయం కాదు.

5. వచ్చినదాన్ని మీరే శుభ్రం చేసుకోండి. ఖాళీలు తీసేయండి. ౫౦౦౦౦౧ అని తెలుగు అంకెల్లో వచ్చినా 500001గా మార్చుకోండి. ఆధార్ సంఖ్యను నాలుగేసి అంకెల చొప్పున ఖాళీలతో రాస్తే 'తప్పు' అనకండి, కార్డు మీద అలాగే ఉంటుంది మరి.

6. ప్రతి అంకెకూ తప్పు చూపించొద్దు. 'ఐదు' నొక్కగానే 'ఆరు అంకెలు లేవు' అని అరిస్తే స్క్రీన్ రీడర్ వినేవాళ్లకు తాము టైపు చేసింది వినిపించదు. సమర్పించాక, లేదా గడి వదిలి బయటికి వెళ్లాక చెప్పండి.

7. తప్పు ఉంటే గడికి ఏరియా-ఇన్‌వ్యాలిడ్ ట్రూ చేయండి, తప్పు వాక్యం ఐడీని డిస్క్రైబ్డ్‌బైలో సూచనతో పాటు చేర్చండి. ఎర్ర గీతతో పాటు ఒక గుర్తు, ఒక వాక్యం ఉండాలి. వాక్యం ఎలా ఉండాలంటే: 'పిన్‌కోడ్‌లో 6 అంకెలుండాలి, మీరు 5 ఇచ్చారు'. 'చెల్లని విలువ' అంటే మనిషికి చేయడానికి ఏమీ మిగలదు.

ఫారం ట్యాగ్‌కి నోవ్యాలిడేట్ పెట్టడం మరిచిపోకండి. లేకపోతే బ్రౌజర్ తన సొంత బుడగ చూపిస్తుంది. అది బ్రౌజర్ భాషలో వస్తుంది కాబట్టి తెలుగు పేజీలో హఠాత్తుగా ఇంగ్లిష్ వాక్యం ఊడిపడి, కాసేపటికి మాయమవుతుంది.

సమర్పించినప్పుడు నాలుగైదు తప్పులుంటే పేజీ పైన ఒక పెట్టెలో అన్నీ కలిపి చూపండి. శీర్షిక 'సరిచేయాల్సినవి 3', కింద ఒక్కో తప్పు ఒక్కో లింకు, నొక్కితే నేరుగా ఆ గడిలోకి. పెట్టెకి ట్యాబ్‌ఇండెక్స్ -1 ఇచ్చి ఫోకస్ దాని మీదికి పంపండి. ఇది లేకపోతే బటన్ నొక్కినవాళ్లకు ఏమీ జరిగినట్టే అనిపించదు. మళ్లీ నొక్కుతారు, మళ్లీ నిశ్శబ్దమే.

పేరు గడిలో ఇంగ్లిష్ అక్షరాలే కావాలంటే ముందే రాయండి. లేదంటే తెలుగులో నింపినవాళ్లకు 'పేరు తప్పు' అని వస్తుంది. పేరు ఎలా తప్పవుతుంది?

పుట్టిన తేదీ

క్యాలెండర్ పిక్కర్ రైలు ప్రయాణం తేదీకి బాగుంటుంది. పుట్టిన తేదీకి కాదు. 2025 నుంచి 1987కి నెల నెలా వెనక్కి నడిస్తే 456 నొక్కులు. రోజు, నెల, సంవత్సరం అని మూడు గడులు పెట్టి, ఫీల్డ్‌సెట్‌లో ఉంచి, లెజెండ్‌లో 'పుట్టిన తేదీ' అని రాయండి. రేడియో బటన్లకూ ఇదే పద్ధతి. లెజెండ్ లేకపోతే 'అవును', 'కాదు' అని మాత్రమే వినిపిస్తుంది, దేనికి అవునో తెలియదు.

జిల్లా, మండలం

తెలంగాణలో 33 జిల్లాలు. దీనికి మామూలు సెలెక్ట్ ట్యాగ్ చాలు. టైపు చేస్తూ వెతికే అందమైన పెట్టె మీరు కట్టాలనుకుంటే దానికి కాంబోబాక్స్ రోల్, బాణం కీలు, ఎస్కేప్, ఎన్ని ఫలితాలు వచ్చాయో చెప్పడం, ఫోన్‌లో టాక్‌బ్యాక్‌తో (ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్) పనిచేయడం, అన్నీ చూసుకోవాలి. ఈ కాంపోనెంట్ మీద వారాలు పోతాయి. అవసరమేంటో ముందు గట్టిగా అడగండి.

సెలెక్ట్‌లోనూ ఒక గుంట ఉంది. విండోస్‌లో మూసి ఉన్న సెలెక్ట్ మీద కింది బాణం నొక్కితే వెంటనే మొదటి పేరు ఎంపికైపోయి, చేంజ్ ఈవెంట్ పుడుతుంది. ఆ ఈవెంట్‌కే మీరు పేజీని మళ్లీ లోడ్ చేస్తే, కీబోర్డు వాడేవాళ్లు ఆదిలాబాద్ దాటి కిందికి వెళ్లలేరు. పేజీ లోడ్ చేయకండి, ఫోకస్‌ని మీ అంతట మీరు మండలం గడికి దూకించకండి. వెనకాల మండలాలు తెచ్చుకుని, ఒక స్టేటస్ పెట్టెలో 'మండలాల జాబితా సిద్ధం' అని రాయండి.

ఆ స్టేటస్ పెట్టె పనిచేయడానికి ఒక షరతుంది: పేజీ వచ్చినప్పటి నుంచే అది ఖాళీగా అక్కడ ఉండాలి, రోల్ స్టేటస్‌తో. పెట్టెనూ మాటల్నీ ఒకేసారి పేజీలో చొప్పిస్తే చాలాసార్లు వినిపించదు. ఇలా మారిన మాటల్ని స్క్రీన్ రీడర్ తానే చదివే పెట్టెని లైవ్ రీజియన్ అంటారు. 'లైవ్ రీజియన్ పెట్టాం, చదవట్లేదు' అన్న గోలకు చాలావరకు మూలం ఇదే. రెండోసారి అదే వాక్యం రాసినా చదవకపోవచ్చు, మధ్యలో ఖాళీ చేసి రాయాలి. రోల్ అలర్ట్ మాత్రం వింటున్నదాన్ని తెంచేసి మాట్లాడుతుంది, నెట్ పోయింది లాంటి అత్యవసరానికే ఉంచండి. ఐదు సెకన్లలో మాయమయ్యే చిన్న నోటీసుల్లో ముఖ్యమైన సంగతి ఏదీ పెట్టకండి.

ఫైలు అప్‌లోడ్, దానితో పాటు డైలాగ్

ఫైలు లాగి పడేసే చోటు పెట్టుకోవచ్చు గానీ పక్కనే 'ఫైలు ఎంచుకోండి' బటన్ ఉండాలి. లాగడం తప్ప వేరే దారి లేకపోతే 2.2 ప్రకారం అది లోపం. అసలు ఇన్‌పుట్‌ని డిస్‌ప్లే నన్‌తో దాస్తే కీబోర్డుకి అందదు. కంటికి కనపడకుండా ఒక పిక్సెల్‌కి కుదించి, లేబుల్‌ని బటన్‌లా అలంకరించండి, ఫోకస్ గీత ఆ లేబుల్ మీద కనపడేలా చూడండి. సైజు హద్దు, ఫైలు రకం ముందే చెప్పండి.

ఎంచుకున్న ఫైలు పక్కన 'తీసేయండి' బటన్ ఉంది, నొక్కితే 'కుల ధ్రువీకరణ పత్రం తీసేయాలా?' అని డైలాగ్ రావాలి. ఇలా కట్టండి:

డైలాగ్ ట్యాగ్ తీసుకుని షోమోడల్‌తో తెరవండి. 2022 మార్చి నుంచి ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ఉంది. వెనక పేజీ మొత్తం నిశ్చలమవుతుంది, ఎస్కేప్‌కి మూసుకుంటుంది, మూశాక ఫోకస్ తెరిచిన బటన్‌కే తిరిగొస్తుంది. అయితే ఓపెన్ ఆట్రిబ్యూట్ రాసిగానీ, ఉట్టి షో పిలిచిగానీ తెరిస్తే వెనక పేజీ నిశ్చలం కాదు, ఎస్కేప్‌కి మూసుకోదు. చూడ్డానికి డైలాగే, ట్యాబ్ కొడుతూ పోతే వెనక పేజీలోకి జారిపోతారు.

డైలాగ్‌కి ఏరియా-లేబెల్డ్‌బై ఇచ్చి దాని శీర్షికకు ముడివేయండి. ఫోకస్ మొదట ఎక్కడ పడాలో ఆటోఫోకస్‌తో చెప్పండి: ఇలా ఏదైనా పోగొట్టే డైలాగ్‌లో నష్టం లేని బటన్ మీద, పొడవాటి నిబంధనలున్న డైలాగ్‌లో ట్యాబ్‌ఇండెక్స్ -1 ఇచ్చిన శీర్షిక మీద. మీరు చెప్పకపోతే మొదట దొరికిన దాని మీద పడుతుంది. అది నిబంధనల అడుగున ఉన్న 'అంగీకరిస్తున్నాను' అయితే పేజీ కిందికి దూకేస్తుంది, పైన ఏముందో వినకుండానే.

బటన్ల మీద 'అవును', 'కాదు' బదులు 'తీసేయండి', 'ఉంచండి' అని రాయండి. ప్రశ్న సగంలో విన్నవాళ్లకు కూడా బటన్ పేరుతోనే అర్థమవుతుంది.

ఇక అందరూ మరిచేది. 'తీసేయండి' నొక్కాక ఫైలుతో పాటు డైలాగ్ తెరిచిన బటన్ కూడా పోయింది. ఫోకస్ తిరిగి వెళ్లడానికి చోటు లేదు, పేజీ మొదటికి పడిపోతుంది. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు మళ్లీ పైనుంచి నలభై ట్యాబ్‌లు కొట్టుకుంటూ రావాలి. ఈ సందర్భంలో మీరే ఫోకస్‌ని 'ఫైలు ఎంచుకోండి' మీద పెట్టి, స్టేటస్ పెట్టెలో 'కుల ధ్రువీకరణ పత్రం తీసేశాం' అని రాయాలి.

పాత కోడ్‌లో డివ్‌తో కట్టిన డైలాగ్ ఉంటే, వెనక భాగమంతా ఒకే డివ్‌లో పెట్టి దానికి ఇనర్ట్ తగిలించండి. ట్యాబ్ కీని జావాస్క్రిప్ట్‌తో తిప్పి పంపితే సరిపోదు. టాక్‌బ్యాక్ వాడేవాళ్లు ట్యాబ్ నొక్కరు, వేలితో జరుపుతారు, హాయిగా వెనక పేజీలోకి వెళ్లిపోతారు.

తెరుచుకునే సమాధానాలు

'ఎవరు అర్హులు?' లాంటి ప్రశ్నలకు డీటెయిల్స్, సమ్మరీ ట్యాగ్‌లు చాలు. సొంతంగా కడితే ప్రశ్న ఒక బటన్, దానికి ఏరియా-ఎక్స్‌పాండెడ్. మూసినప్పుడు సమాధానాన్ని హిడెన్‌తో దాచాలి. ఎత్తు సున్నా చేస్తే కంటికి కనపడదు గానీ లోపలి లింకులు ట్యాబ్‌కి దొరుకుతూనే ఉంటాయి, ఫోకస్ శూన్యంలో తిరుగుతుంది. బటన్ పేరు 'చూపండి' నుంచి 'దాచండి'కి మారుస్తూ ఎక్స్‌పాండెడ్ కూడా మార్చొద్దు, రెండూ కలిస్తే అయోమయం. పేరు స్థిరంగా ఉంచి స్థితి మార్చండి.

ఓటీపీ, క్యాప్చా, గడువు

ఓటీపీకి ఆరు చిన్న గడులు కట్టడం ఒక ఫ్యాషన్. ఆరు గడులంటే ఆరు పేర్లు కావాలి, వెనక్కి చెరపడం గందరగోళం, పేస్ట్ చేస్తే మొదటి అంకె మాత్రమే పడుతుంది, ఫోకస్ తనంతట తాను దూకుతుంటే వినేవాళ్లకు ఏ గడిలో ఉన్నారో తెలియదు. ఒకటే గడి పెట్టండి: ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్, ఆటోకంప్లీట్ వన్-టైమ్-కోడ్. అక్షరాల మధ్య ఎడం పెంచితే ఆరు గడుల అందం కావాలన్నవాళ్లకూ తృప్తి. పేస్ట్‌ని ఆపకండి. పాస్‌వర్డ్‌నో కోడ్‌నో గుర్తుపెట్టుకుని చేత్తో ఎక్కించమని బలవంతపెట్టకూడదని 2.2లో ఏఏ నిబంధన ఉంది.

'మళ్లీ పంపడానికి 29 సెకన్లు, 28 సెకన్లు' అన్న లెక్కను లైవ్ రీజియన్‌లో పెడితే సెకనుకోసారి చెవిలో మోగుతుంది. తెర మీద తిరగనివ్వండి, అయిపోయినప్పుడు ఒక్కసారి మాత్రం 'ఇప్పుడు మళ్లీ పంపొచ్చు' అని చెప్పండి.

వంకర అక్షరాల క్యాప్చా చూపు లేనివాళ్లకు తలుపు మూయడమే. ఆడియో క్యాప్చా ఇస్తే చూపూ వినికిడీ రెండూ లేనివాళ్లు బయటే మిగులుతారు. ఓటీపీ ఎలాగూ ఉన్న ఫారానికి పైగా క్యాప్చా దేనికో ఆలోచించండి. ఒకే నంబరు నుంచి వచ్చే ప్రయత్నాలకు సర్వర్‌లో హద్దు పెడితే చాలావరకు పని జరుగుతుంది. ముఖం చూపి కళ్లార్పమనే పరీక్ష ఉంటే, కళ్లు ఆర్పలేనివాళ్లకు వేరే దారి తప్పనిసరి. పైన చెప్పిన సుప్రీంకోర్టు కేసు పుట్టింది యాసిడ్ దాడి బాధితులకు ఆ మెట్టు దగ్గరే దారి మూసుకుపోవడం వల్ల.

సెషన్ గడువు ముగిసే ముందు హెచ్చరించి, కనీసం 20 సెకన్లు ఇచ్చి, ఒక్క నొక్కుతో పొడిగించుకోనివ్వాలి, అలా కనీసం పదిసార్లు. 20 సెకన్లు నిబంధన మాత్రమే. డైలాగ్ విని, అర్థం చేసుకుని, బటన్ దగ్గరికి చేరడానికి రెండు నిమిషాలు ఇవ్వడం మర్యాద. గడువు దాటినా నింపినదంతా దాచి ఉంచితే ఇంకా మంచిది.

పరీక్షించే వరస

కీబోర్డుతో మొదలుపెట్టండి. మౌస్ వైరు పీకేసి ఫారం మొత్తం ట్యాబ్, షిఫ్ట్ ట్యాబ్, ఎంటర్, స్పేస్, బాణాలు, ఎస్కేప్‌లతో నింపండి. ఫోకస్ ఎక్కడుందో ఒక్క క్షణమైనా వెతుక్కోవాల్సి వస్తే రాసి పెట్టుకోండి.

1280 పిక్సెళ్ల వెడల్పు కిటికీలో జూమ్ 400 శాతం చేయండి. అది 320 పిక్సెళ్ల తెరతో సమానం. పక్కకు జరపకుండా చదవగలగాలి. తెలుగు మాటలు పొడవు కాబట్టి 'ధ్రువీకరణ' లాంటివి ఇక్కడే పెట్టె దాటి బయటికి పొడుచుకొస్తాయి. నొక్కే చోట్లు 24 పిక్సెళ్ల కంటే చిన్నవి ఉన్నాయేమో కూడా చూడండి. అది నిబంధన, 44 సౌకర్యం.

తర్వాత విండోస్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్. ఉచితం. దాంతో పాటు వచ్చే ఈస్పీక్ గొంతులో తెలుగు ఉంది. మరమనిషి గొంతే, కానీ చాలామంది దాన్నే చాలా వేగంగా పెట్టుకుని వింటారు. హెచ్ కీతో శీర్షికలు, బీతో బటన్లు, ఎఫ్‌తో ఫారం గడులు దూకుతూ వెళ్లొచ్చు. ఇన్సర్ట్‌తో ఎఫ్7 నొక్కితే శీర్షికలూ లింకులూ జాబితాగా వస్తాయి. ఆ జాబితాలో 'ఇక్కడ నొక్కండి' అని ఐదుసార్లు కనపడితే లింకుల పేర్లు మార్చాలి. ఇన్సర్ట్‌తో స్పేస్ నొక్కితే చదివే పద్ధతి నుంచి టైపు చేసే పద్ధతికి మారుతుంది. ఇది తెలియక చాలామంది డెవలపర్లు 'కీలు పనిచేయట్లేదు' అని తమ కోడ్‌ని చెడగొట్టుకుంటారు.

ఫోన్‌ని వదలకండి. తెలుగువాళ్లలో చాలామందికి కంప్యూటరంటే ఆండ్రాయిడ్ ఫోనే. సెట్టింగ్స్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, స్పీచ్ గొంతు తెలుగుకి మార్చి, తెర ఆపేసి నింపి చూడండి. దరఖాస్తు సంఖ్య, ఫోన్ నంబరు లాంటివి ఒకే పెద్ద సంఖ్యగా కోట్లలో చదివేస్తుంటే మూడేసి నాలుగేసి అంకెల మధ్య ఖాళీ ఇవ్వండి.

యాక్స్, లైట్‌హౌస్ లాంటి తనిఖీ సాధనాలు లేబుల్ లేకపోవడం, రంగు వ్యత్యాసం, రెండుసార్లు వచ్చిన ఐడీ లాంటివి ఇట్టే పడతాయి. ప్రతి కోడ్ మార్పుకీ వాటిని నడిచేలా పెట్టుకోండి. లైట్‌హౌస్ 100 చూపించినంత మాత్రాన ఫారం నిండుతుందని కాదు. బొమ్మకి ఆల్ట్, అంటే మాటల్లో వివరణ, ఉందో లేదో దానికి తెలుసు, అందులో రాసింది ఆ బొమ్మ గురించేనా అన్నది తెలియదు.

చివరగా, రోజూ స్క్రీన్ రీడర్‌తో పనిచేసే ఇద్దరు ముగ్గుర్ని పిలిచి, వాళ్ల ఫోన్‌లోనే, వాళ్ల వేగంలోనే నింపమనండి. వాళ్ల సమయానికి డబ్బివ్వండి. పక్కన కూర్చుని 'ఇప్పుడు కిందికి వెళ్లండి' అని దారి చెప్పకండి. ఎక్కడ ఆగారో, ఎక్కడ ఒకే గడిని రెండుసార్లు విన్నారో సమయంతో సహా రాసుకుని, మర్నాడు ఆ చోట్ల నుంచే సరిచేయడం మొదలుపెట్టండి.